గడప దాటిన సంగటి

అన్నము పెట్టుట ధర్మము, అమ్ముట అధర్మము అని తెలుగుదేశము చిరకాలము నమ్మినది. ఆకొని వచ్చినవానిని వట్టిచేతులతో పంపుట పాపమనియు, పెట్టిన అన్నమునకు వెలగట్టుట అంతకంటె పాపమనియు పెద్దలు చెప్పెడివారు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువునకు తగిన వంటకములు ఆ ఋతువున వండించి అతిథులను తృప్తిపరచిన ఘట్టము చదివిన విద్యార్థికి ఈ నమ్మకము ఎంత లోతైనదో బోధపడును. అయినను లోకవ్యవహారము ధర్మశాస్త్రము చెప్పిన మాటను ఎన్నడును పూర్తిగా వినలేదు. ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామములోనే పూటకూటియిల్లు కనబడుచున్నది. అక్కడ ఒక రూకకు కమ్మని భోజనము దొరకెడిది. గురజాడవారి కన్యాశుల్కము 1892లో రంగమెక్కి, 1897లో అచ్చయినది. అందలి పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగు పాఠకుడు అరుదు. అమ్మరాదన్న అన్నమును అమ్మినవారును ఉండిరి, కొన్నవారును ఉండిరి. గౌరవము మాత్రము అమ్మినవారికి దక్కలేదు. హోటలు నడుపువానిని ఊరు నేటికిని కొంచెము చిన్నచూపు చూచుట ఆ పాత నమ్మకపు శేషమే.

ఈ చిన్నచూపు తగదని చెప్పుటకు కడప జిల్లా తగిన తావు. కడప అను పేరునకు గడప అని అర్థము చెప్పుట వాడుక. తిరుమల కొండకు ఇది గడప యని భక్తుల విశ్వాసము. పేరు పుట్టుక సంగతి పండితులకు వదలివేసినను, గడప అను వస్తువును గూర్చి తలపోయుట మంచిది. అది లోనికి రమ్మని పిలుచును. అదే బయటివానిని బయటనే నిలుపును. రాయలసీమ ఇండ్లు అతిథిమర్యాదకు పేరుపొందినవే. కాని ఆ మర్యాద అందరికిని ఒకే తావున జరుగలేదు. కొందరికి వంటింటి సరసన పీట, కొందరికి పంచపాళిలో ఆకు, మరికొందరికి వాకిట నిలిచి దోసిలి. డబ్బిచ్చి తినెడి హోటలు ఈ భేదమును మొదట తానును పాటించినది, తరువాత కొంతవరకు చెరిపివేసినది. దాని రుచులను మెచ్చుకొనువారు ఈ రెండవ పనిని మరచుచున్నారు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల నడుమనున్న మెట్టసీమలో వీరపునాయునిపల్లె ఉన్నది. ఏటా సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా యిది. అదియైనను వేళకు కురియునను నమ్మకము లేదు. అన్నమునకు మొగము వాచిన చరిత్ర ఈ సీమది. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలాదిమందికి గంజి పోసి బ్రతికించెను. ఆ ఊరు జమ్మలమడుగునకు చాల దూరము కాదు. పదియేండ్లకు వచ్చిన ధాత కరవు, అనగా 1876-78 నాటి కరవు, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను పీల్చి పిప్పిచేసినది. 1877లో సర్ రిచర్డు టెంపుల్ కరవు పనులు చేయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని లెక్కగట్టెను. అట్టి సీమలో నేడు తెల్లవారుజామున నాలుగు గంటలకే పొయ్యి వెలిగించి, ఏడు గంటలకు వందమందికి టిఫిను పెట్టు హోటలును సామాన్యమైన సంగతిగా చూడరాదు.

హోటళ్లలో మొదట చూడవలసినది వంటకము కాదు, బల్ల. ఈ ప్రాంతపు పాత హోటళ్లలో బల్లపైన పరచినది కడప బండ. నల్లని ఆ సున్నపురాయిని భూవిజ్ఞానులు నార్జి సున్నపురాయి యందురు. అది పొరలు పొరలుగా ఏర్పడినది కావున పలకలుగా సులభముగా విడివడును. దేశమంతట వంటింటి గట్టులకు, మెట్లకు, నేలకు ఈ బండలు లారీలపై పోవుచున్నవి. ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములు కాల్చి పొడిచేయునదియు ఈ సున్నపురాయినే. హోటలులో మాత్రము అది తడిగుడ్డ రాపిడికి నునుపెక్కి అద్దమువలె ఉండును. కాలునకు చల్లగా, చేతికి నున్నగా, ఎంత చట్నీ ఒలికినను మరక పట్టక, ముప్పది నలుబది యేండ్లు నిలుచును. దానిపైన చెయ్యి ఆనించినవాడు ఏ ఊరివాడో, ఏ ఇంటివాడో ఆ బండకు పట్టదు.

వీరపునాయునిపల్లె చుట్టుపట్ల రైతు పని తగిలినప్పుడెల్ల ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పోవును. మద్రాసు-బొంబాయి రైలుదారి 1871లో పూర్తియైనది. ఆ దారిలోని స్టేషను ఎర్రగుంట్ల. పెన్న ఒడ్డున ఎంత వ్యాపారము సాగినను ప్రొద్దుటూరునకు రైలు 2016లో గాని రాలేదు. నూటనలుబదియైదేండ్లు రైలు దిగినవారందరు ఎర్రగుంట్లలో బండి కట్టించుకొనియో, బస్సు ఎక్కియో పోవలసినవారే. బస్సు కొరకు నిలిచినవాడు టీ త్రాగును; టీ త్రాగినవాడు బజ్జీ అడుగును. హోటళ్లు ఇట్టి నిరీక్షణల నుండి పుట్టినవే గాని రుచుల మీది మోజు నుండి కాదు. వీరపునాయునిపల్లె వంటి ఊళ్లలోను అంతే. 1985లో మండలములు ఏర్పడి, కచేరీలు వచ్చి, సంతకము కొరకు మధ్యాహ్నము దాక పడిగాపులు పడువారు వచ్చిన పిదప పల్లెకును హోటలు తప్పనిసరియైనది. గుమాస్తా ఆలస్యము హోటలువానికి జీవనాధారమని ఎవరైన చమత్కరించినచో కాదనుట కష్టము.

ప్రొద్దుటూరు సంగతి వేరు. బంగారము, బట్టలు, ప్రత్తి వ్యాపారముల వలన ఆ పట్టణమును రెండవ బొంబాయి యని పిలుచుట కద్దు. పెండ్లి కుదిరిన ఇంటివారు చుట్టుప్రక్కల తాలూకాల నుండి నగలకును చీరలకును అక్కడికే వత్తురు. బేరము ఒక పూటలో తేలదు. తెల్లవారుజామున బయలుదేరిన పెండ్లివారు నగల అంగళ్లు తెరచుటకు ముందే పట్టణము చేరుదురు. అందుచేత వారు మొదట కొనునది బంగారము కాదు, కారపుదోసె.

ఈ దోసెను గూర్చి కొంచెము విస్తరించి చెప్పుట న్యాయము. ఇతర ప్రాంతములలో దోసె పలుచనై, కరకరలాడి, చట్నీ కొరకు ఎదురుచూచును. ఇచ్చటి దోసె మందముగా, మెత్తగా, అడుగున మాత్రము ఎఱ్ఱగా కాలి, తన రుచిని తనపైననే మోసికొని వచ్చును. ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు చేర్చి నూరిన ఎఱ్ఱకారమును పెనము మీదనే దోసెకు పూయుదురు. దానిపై పప్పులపొడి చల్లుదురు. ఆపైన వెన్నయో నెయ్యియో వేయుదురు. పప్పులు అనగా ఇక్కడ వేయించిన సెనగపప్పు. కోస్తావారు పుట్నాలు అనునవి. ఈ మాట తెలియక కందిపప్పు పొడి యనుకొని తినబోయిన గుంటూరువారు కలరు. కారమును గూర్చి తాము నేర్వవలసినది లేదను గుంటూరువారే రెండవ తుంటకు కన్నీరు తుడుచుకొనుట కూడ కద్దు. పచ్చికారపు మంటను పప్పులపొడి మెత్తన చేయును, వెన్న చల్లార్చును; ఈ మూడింటి పొత్తు తెలిసినవాడే దోసె వేయగలడు. ప్రక్కన చెనిక్కాయల చట్నీ తప్పదు. వేరుసెనగ ఈ నేల పంట. కొబ్బరి ఇక్కడికి అతిథిగా వచ్చినది. ఏ హోటలులో చట్నీ యందు కొబ్బరి పాలు పెరిగి చెనిక్కాయ తగ్గినదో ఆ హోటలు ఊరిని మరచి ఊరిపేరు అమ్ముకొనుచున్నదని ఎంచవచ్చును.

ఉగ్గాని ఇంకొకటి. బొరుగులను నీట నానవేసి పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపులతో పోపు పెట్టి, పప్పులపొడి కలిపిన ఈ తిండికి మిరపకాయ బజ్జీ తోడు. కర్నూలు, అనంతపురము, బళ్లారి వారును ఇది తమదే యందురు. వారితో తగవులాడ పనిలేదు, సరిహద్దులు పొయ్యిమీదికి రావు. గుంత పొంగణములు, అలసంద వడలు సాయంకాలపు బండ్లవి. జొన్నరొట్టె రాత్రిపూటది. మాంసాహారపు హోటళ్లకు దక్షిణదేశమంతటను ఉన్నట్లే ఇక్కడను మిలిటరీ హోటలను పేరు చెల్లినది. ప్రొద్దుటూరులో మహమ్మదీయుల పలావు హోటళ్లకు అన్ని మతములవారును పోవుదురు. రుచి విషయమున ఈ సీమ మతభేదము పాటించినట్లు కనబడదు.

కాని ఎల్లవేళల ఇట్లుండలేదు. మద్రాసు రాష్ట్రములో కాఫీ హోటళ్లు వ్యాపించిన తొలిదినములలో బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది యుండుట సర్వసాధారణము. రైల్వే స్టేషనుల భోజనశాలలలోను ఈ విభాగము నడచినది. అస్పృశ్యులని త్రోసివేయబడినవారికి ఆ రెండు గదులలో దేనను తావులేదు. వెలుపల నిలిచి, కొట్టుకొయ్యకు తగిలించిన వేరు గ్లాసునో కొబ్బరిచిప్పనో తీసికొని, త్రాగిన పిదప తామే కడిగి పెట్టవలసియుండెను. రెండు గ్లాసుల పద్ధతి యను ఈ మాట తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 15వ అధికరణములో అంగళ్లు, హోటళ్లు, భోజనశాలలలో ప్రవేశమునకు కులమత భేదము అడ్డురాదని శాసించినది; 17వ అధికరణము అంటరానితనమునే నిషేధించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఇంకొక అడుగు ముందునకు వేసి, హోటలులో పదిమందికొరకు ఉంచిన పాత్రలను వాడుకొనుటకు ఎవరిని అడ్డగించినను నేరమే యని వ్రాసినది. ఆ చట్టమే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైనది. ఒక గ్లాసు కొరకు దేశపు పార్లమెంటు శాసనము చేయవలసివచ్చినదను సంగతిని పౌరనీతి పాఠము చెప్పు ఉపాధ్యాయుడు పరీక్షలో రాదని వదలివేయరాదు.

చట్టము వచ్చినంత మాత్రమున గ్లాసులు కలిసిపోలేదు. ఇక్కడ పట్టణపు హోటలునకును పల్లె టీ అంగడికిని గల తేడా గుర్తింపదగినది. పట్టణములో బస్సు దిగినవానిని ఎవరును ఎరుగరు. మెడలో తువాలు, చేతిలో సంచి, కాళ్లకు దుమ్ము - అందరిదియు ఒకే వేషము. క్షణము తీరికలేని సర్వరు కులము అడుగడు, ఏమి కావలెనని అడుగును. పల్లెలో అట్లు కాదు. అక్కడ ప్రతివానికిని తాత ముత్తాతలతో సహా పరిచయము. ఆ పరిచయమే బంధనము. అందుచేత ఏ మనిషి తన ఊరి టీ అంగడిలో వెలుపల నిలిచెనో, ఆ మనిషియే పది పదునైదు మైళ్లు పోయి పట్టణములో బండబల్ల ముందు అందరి సరసన కూర్చుండెను. మొదటిసారి అట్లు కూర్చున్నవానికి ఆ దోసె రుచి ఎట్లుండెనో ఏ వంటల పుస్తకమును చెప్పజాలదు. సంస్కర్తలు సహపంక్తి భోజనములు ఏర్పరచి ఉపన్యసించిరి. వారి కృషి గొప్పది. కాని ఏ ఉపన్యాసమును లేక, ఏ పుణ్యమును కోరక, చిల్లరడబ్బులకు దినదినమును సహపంక్తి నడపినవాడు హోటలువాడు. లాభము కొరకే నడపెను గదా యందురేమో. లాభము కొరకు చేసిన మంచి మంచి కాకపోదు. మీదుమిక్కిలి, అది విరాళములు ఆగినపుడు ఆగిపోదు.

ఈ సహపంక్తిలో స్త్రీలకు తావు దొరకుట ఇంకను ఆలస్యమైనది. ఇల్లాలు హోటలులో తినుట ఇంటికి అప్రతిష్ఠ యను భావము మొన్నమొన్నటిది. నగలకు వచ్చిన పెండ్లివారిలో మగవారు లోపల కూర్చుండి తినగా, ఆడువారు పొట్లము కట్టించుకొని బస్సులోనో బంధువుల ఇంటనో తినెడివారు. తెరలు వ్రేలాడదీసిన ఇరుకు గదులు తరువాత వచ్చినవి. ఆ తెరలను తొలగించినది ఉద్యోగినులు, విద్యార్థినులు. మండల కేంద్రములకు బస్సులో వచ్చిపోవు ఉపాధ్యాయినులు తొమ్మిదిగంటల లోపల ఏదో ఒకటి తినవలసినవారే. 2008లో ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నెలకొన్న పిదప పల్లెటూళ్ల బాలికలు పుస్తకముల సంచులతో వేంపల్లె దారిలో కనబడుట అలవాటైనది. వారు బల్ల ముందు కూర్చుండి టీ అడుగుటను ఎవరును తలయెత్తి చూడకుండు దినము దాదాపు వచ్చినది. దాదాపు అను మాట ఇక్కడ ఊరక వేసినది కాదు.

మనుష్యులకు పట్టిన గతియే ధాన్యములకును పట్టినది. ఈ సీమలో సామాన్యుని నిత్యభోజనము కొర్ర, జొన్న, రాగి. వరిబువ్వ పండుగనాటి మాట. అల్లుడు వచ్చిననో, ఉగాది వచ్చిననో గాని పొయ్యిమీద వరి యెసరు పెట్టని ఇండ్లు అనేకము. ఏది అరుదో అది గౌరవము, ఏది నిత్యమో అది నామోషీ. కావున పట్టణపు భోజన హోటలు అనగా వరియన్నమే. 'భోజనము తయారు' అను పలక వెనుక తెల్లని అన్నము, పప్పు, చారు, మజ్జిగ ఉండెడివి. సంగటి ఉండెడిది కాదు. పగలంతయు సేద్యము చేసి సంగటి తిన్నవాడు పట్టణమునకు వచ్చి డబ్బు పెట్టి మరల సంగటి కొనునా? తన ఇంటి కుండలోనిది బజారులో అడుగుటకు సిగ్గుపడెను. బడిలో సద్దిమూట విప్పుటకు సిగ్గుపడిన పిల్లలు ఎందరో ఈ సీమ ఉపాధ్యాయులకు తెలియును. వారిలో కొందరు తామే అట్టి పిల్లలు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. పేదవాని కంచములోనికి తెల్లన్నము ప్రతిదినము దిగినది. దీనిని తప్పుపట్టువారికి ఆకలి ఎరుకలేదనవలెను. ఐనను దానితోపాటు ఇంకొకటి జరిగినది. మెట్టచేలలో వేరుసెనగ అప్పటికే వ్యాపించుచుండెను. బియ్యము చవుకయైన పిదప కొర్రయు రాగియు ఇంకను వెనుకకు తగ్గినవి. తెడ్డుతో సంగటి కెలుకుట తెలిసిన చేతులు ముసలివైనవి. ఆ పనికి బలము కావలెను, నేర్పు కావలెను. నూకలు ఉడికి మెత్తబడిన తరుణమున రాగిపిండిని కుప్పగా పోసి, సన్నని మంటమీద మగ్గనిచ్చి, ఉండ కట్టకుండ కలియదిప్పి, తడిచేతితో ముద్ద చేయవలెను. క్షణము ముందైన పచ్చివాసన, క్షణము వెనుకైన అడుగంటు. ఆ ముద్ద నడుమ గుంటచేసి నెయ్యి పోసి, నాటుకోడి పులుసులోనో, వంకాయ పులుసులోనో, ఊరుబిండితోనో అద్దుకొని తినవలెను. నమలరాదు, మ్రింగవలెను. నమలినవానిని చూచి సీమవారు నవ్వుదురు.

అట్టి సంగటి ఇప్పుడు హోటలు గడప దాటి లోనికి వచ్చినది. హైదరాబాదులో, బెంగుళూరులో, గండికోట చూడవచ్చు యాత్రికుల దారిలో, పెద్ద పలకలపై రంగు అక్షరములతో రాగిసంగటి అని వ్రాయుచున్నారు. వైద్యులు దానిని పొగడుచున్నారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, పాలిషు పట్టిన బియ్యములో పది మిల్లీగ్రాముల పాటి యైనను ఉండుట సందేహము. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. అదే సంవత్సరము మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయుట ఆరంభించిరి. ఒకప్పుడు ఏ జావను దాచిపెట్టుకొని పిల్లలు త్రాగిరో దానినే వరుసలో నిలిపి పోయుట చూచుట వయస్సు చెల్లిన ఉపాధ్యాయులకు వింతగానే తోచియుండవలెను.

సంతోషింపవలసిన సంగతియే. కాని సంగటితోపాటు క్రొత్త గడప యొకటి లేచుచున్నది. చల్లని గదిలో, పింగాణి పళ్లెములో, మట్టిచట్టిని అలంకారముగ పెట్టి వడ్డించు సంగటికి అడుగు వెల ఒక కూలివాని దినవేతనములో చెప్పుకోదగినంత భాగము. రాగిచేను కలుపుతీసిన మనిషి ఆ ద్వారము చెంత నిలిచినచో, కులము అడుగువారు లేకపోవచ్చును, ధరలపట్టిక చాలును. పాత గడపను చట్టమును, జనసమ్మర్దమును కలిసి అరుగదీసినవి. ఈ క్రొత్త గడపను అరుగదీయు చట్టము లేదు, ఉండబోదు. ఎవని సరకునకు వాడు ధర పెట్టుకొనవచ్చును. ప్రభుత్వము 2018లో ఐదు రూపాయల భోజనముతో అన్న క్యాంటీనులు తెరచుట, 2019లో అవి మూతపడుట, 2024లో మరల తెరచుట పాఠకులు ఎరిగినదే. ప్రభుత్వములు మారిన పొయ్యి ఆరునట్టి భోజనశాల కంటె, ప్రభుత్వముతో నిమిత్తములేక నలుబది యేండ్లు బండబల్ల తుడుచు చిన్న హోటలే నమ్మదగినది. కావున సీమ వంటల కీర్తి పెరిగినదని పొంగిపోవువారు ఆ కీర్తిని పెద్ద హోటళ్ల లెక్కతో కొలుచుట తగదు. ప్రొద్దుటూరులోనో, పులివెందులలోనో, బస్టాండు ప్రక్కన రేకుల క్రింద, రైతు, లారీ డ్రైవరు, పంతులు ఒకే వెలకు ఒకే ముద్ద తినగలుగుచున్నంతవరకే అది సీమ వంటకము.

హోటలు తిండి ఆరోగ్యమునకు చెరుపని ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పుచుందురు. కాగినకొలది నల్లబడు నూనె, రంగు కలిపిన కారము, కడుగని గ్లాసు - ఈ నేరములు కొన్నిచోట్ల నిజమే. అట్టిచోట మానుకొనుటయే మందు. అంతకంటె పెద్ద నేరము ఇంకొకటి ఉండెను, దానిని గూర్చి బడిలో చెప్పుట తక్కువ. ఆ నునుపైన బండను తుడిచిన చేతులు చాలకాలము పసిచేతులు. కరవు వచ్చిన యేడు బడి మాని పట్టణపు హోటలులో చేరిన పిల్లవానికి రెండుపూటల తిండియు, మూల పడుకొనుటకు గోనెపట్టయు జీతము. వారిలో కొందరు ఎదిగి తామే హోటళ్లు పెట్టిరి. 1938లో మద్రాసులో ఉడ్‌లాండ్స్ స్థాపించిన ఉడిపి ప్రాంతపు కె.కృష్ణారావు కూడ వంటింటి చిన్నపనులతో జీవితము మొదలుపెట్టినవాడే. ఇట్టి కథలు చెప్పి ఆ దురవస్థను శిక్షణగా వర్ణించువారు ఉన్నారు. ఒకడు యజమాని యగుటకు ఎందరు అక్షరము రాక మిగిలిరో ఆ కథలు లెక్కింపవు. 1986 నాటి బాలకార్మిక చట్టము క్రిందికి 2006 అక్టోబరు 10 నుండి హోటళ్లు, ధాబాలు చేరినవి. 2016 సవరణతో పదునాలుగేండ్లు నిండని పిల్లలచేత, సొంత కుటుంబపు పనిలో సాయము వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఏ పనియు చేయించుట నేరమైనది. హాజరుపట్టీలో వరుసగా గైరుహాజరు పడుచున్న పేరునకు ఎదుట సున్న చుట్టుటకు ముందు ఉపాధ్యాయుడు బస్టాండు దాక నడచి చూచుట మేలు. ఆ పేరు అక్కడ బల్ల తుడుచుచు కనబడకపోయినచో నిశ్చింతగా ఒక టీ త్రాగి రావచ్చును.

వీరపునాయునిపల్లె వంటి మండల కేంద్రములో మధ్యాహ్నము రెండు దాటినవేళ హోటలు పలుచబడును. పొయ్యిమీద పాలు మాత్రము కాగుచుండును. కచేరీ పని తెమలని రైతు ఒక మూల, ఎర్రగుంట్ల బస్సు కొరకు చూచు ఇద్దరు ఆడువారు ఒక మూల, పిల్లల పరీక్షకాగితముల కట్ట చంకబెట్టుకొని వచ్చిన పంతులు నడుమ. ఉన్నది ఒకటే పొడవైన బండ. అందువలన అందరును దాని చుట్టే. రైతు కొంచెము జరిగి పంతులుకు చోటిచ్చును. టీ ఇచ్చు మనిషి ఒకే పళ్లెములో ఐదు గ్లాసులు తెచ్చి నడుమ పెట్టును. ఏది ఎవరిదో చూడక, చేతికి అందినది వారు తీసికొందురు.